మంచు దారిలో ఏ బండి?

తొలకరి పడ్డాక నల్లరేగడి నేలలో బస్సు దిగబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు. ఇంజను గోల పెడుతుంది. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్ముతాయి. బస్సు మాత్రం అంగుళం కదలదు. ఆ సమయంలో ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో ఎవరూ చూడరు. ఈసారి చూడండి. అవి ఊరికే నిలబడి ఉంటాయి! బస్సు బరువులో తమ వంతు మోస్తాయి గాని, లాగే పనిలో వాటి సాయం ఏమీ ఉండదు. ఇంజను శక్తిని ఆ చక్రాలకు కూడా అందిస్తే ఎలా ఉంటుంది? అలా అందించే ఏర్పాటునే 'ఫోర్ వీల్ డ్రైవ్' అంటారు. కారుకు ఎలాగూ నాలుగు చక్రాలే కదా అంటారేమో! ఉండటం వేరు, నాలుగూ లాగటం వేరు.

మనకు బురద ఏడాదిలో కొద్ది వారాల బాధ. మంచు కురిసే చోట్ల అది నాలుగు నెలల పాటు ప్రతిరోజూ ఎదురయ్యే సమస్య. నా దగ్గర పదో తరగతి చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరానికి దక్షిణాన ఉన్న కొండప్రాంతంలో కాపురం ఉంటోంది. ఆసుపత్రిలో నర్సు. ఇంటికీ ఆసుపత్రికీ 30 కిలోమీటర్లు. ఉదయం 7 గంటలకల్లా చేరాలి. చేరకపోతే రాత్రి డ్యూటీ చేసిన మనిషి ఇంటికి పోవడానికి వీలుండదు. రోగుల్ని వదిలి వెళ్ళకూడదు కదా! ఆ అమ్మాయి ఇలా రాసింది: "చేతిలో డబ్బు తక్కువగా ఉంది మాస్టారూ. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనమని అందరూ చెబుతున్నారు. కాని మంచు పడిన మొదటిరోజు రోడ్డు పక్క గోతిలో కనిపించేవి ఎక్కువగా ఆ బండ్లే. ఎందుకంటారు?"

బండి ఎంపిక కంటే ఈ చివరి ప్రశ్నే నాకు నచ్చింది. దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది.

ముందుగా ఆ ఊరి మంచు సంగతి చూద్దాం. బఫెలో పక్కనే ఈరీ అనే మహా సరస్సు ఉంది. చలికాలం మొదట్లో సరస్సు నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. వాటి మీదుగా కెనడా వైపు నుంచి అతిశీతల గాలి వీస్తుంది. ఆ గాలి వేడినీ తేమనూ పీల్చుకుని, గట్టు దాటి కొండలెక్కేటప్పుడు చల్లబడి, తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది. బఫెలోలో ఒక చలికాలంలో సగటున 240 సెంటీమీటర్ల మంచు పడుతుంది. 2022 నవంబరులో అక్కడికి దగ్గరలోని ఆర్చర్డ్ పార్క్‌లో కొద్ది రోజుల్లోనే 2 మీటర్ల మంచు కురిసింది. అంత మంచులో ఏ బండీ కదలదు. మన లెక్క అటువంటి రోజుల గురించి కాదు. 10, 15 సెంటీమీటర్ల మంచు పడి, దాన్ని తోసే బండి ఇంకా రాని తెల్లవారుజాముల గురించి.

ఇక లెక్కకు వద్దాం. కారును ముందుకు తోసేది ఇంజను అని మనం అనుకుంటాం. నిజానికి తోసేది రోడ్డు. చక్రం రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు చక్రాన్ని ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ నియమమే. ఈ నెట్టుడు ఘర్షణ వల్లనే సాధ్యం. ఘర్షణ ఇవ్వగల గరిష్ఠ బలం ఎంత? చక్రం మీద పడే బరువును ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేంత. పొడి తారురోడ్డు మీద రబ్బరుకు ఈ గుణకం సుమారు 0.8. అణిగిన మంచు మీద సుమారు 0.2. గాజులా గడ్డకట్టిన మంచు మీద 0.1, ఒక్కొక్కసారి అంతకంటే తక్కువ. ఇంజను ఎంత బలమైనదైనా ఈ హద్దు దాటితే చక్రం తిరుగుతుంది తప్ప బండి కదలదు. మన బురదలోని బస్సు సంగతీ ఇంతే.

1,400 కిలోగ్రాముల కారు ఒకటి తీసుకోండి. గురుత్వ త్వరణం 10 అనుకుంటే దాని బరువు 14,000 న్యూటన్లు. ఈ రోజుల్లో చాలా కార్లను ముందు చక్రాలే లాగుతాయి. ఇంజను కూడా ముందే ఉంటుంది కాబట్టి బరువులో సుమారు 60 శాతం, అంటే 8,400 న్యూటన్లు, ముందు చక్రాల మీద పడుతుంది. మంచు మీద ఆ చక్రాలకు దొరికే బలం 8,400ను 0.2తో గుణిస్తే 1,680 న్యూటన్లు. నాలుగు చక్రాలూ లాగితే మొత్తం బరువు పనికి వస్తుంది. 14,000ను 0.2తో గుణిస్తే 2,800 న్యూటన్లు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటి ముందున్న ఎత్తు. 8 మీటర్లు నడిస్తే 1 మీటరు పైకెక్కే వాలు అనుకుందాం. బండిని కిందికి లాగే బలం బరువులో ఎనిమిదో వంతు, అంటే 1,750 న్యూటన్లు. ముందు చక్రాల కారుకు ఉన్నది 1,680. ఎక్కలేదు! పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బరువు కొంత వెనక చక్రాల మీదికి జరుగుతుంది. మెత్తటి మంచును చీల్చుకుంటూ పోవడానికి మరికొంత బలం కావాలి. అవన్నీ కలిస్తే ఓటమి ఇంకా ఖాయం. నాలుగు చక్రాలూ లాగే బండి 2,800 న్యూటన్లతో నింపాదిగా ఎక్కిపోతుంది. కొండప్రాంతం వాళ్ళు అటువంటి బండి కొనమని చెప్పడంలో అర్థం లేకపోలేదు.

ఈ బండ్లు మొదట్లో సైనికుల కోసం, అడవుల్లో తిరిగేవాళ్ళ కోసం పుట్టాయి. 1941లో తయారైన జీపు పేరు మీకు తెలిసిందే. మామూలు మనిషి పనికి పోయే కారులో ఈ ఏర్పాటు చౌకగా దొరకడం వెనక ఒక చిన్న కథ ఉంది. జపాన్ ఈశాన్య ప్రాంతమైన తొహోకులో మంచు విపరీతం. అక్కడి విద్యుత్ సంస్థ పనివాళ్ళు కొండల్లో తీగలు చూసుకోవడానికి జీపుల్లో వెళ్ళేవారు. జీపులో చలి, కుదుపు. కారులాగా హాయిగా ఉండి జీపులాగా మంచులో పోయే బండి కావాలని ఆ సంస్థ సుబారు కంపెనీవాళ్ళను అడిగింది. ఆ ప్రయత్నం నుంచి 1972లో లియోన్ అనే బండి బజారుకు వచ్చింది. 1983లో ఇటలీ ఫియట్ కంపెనీ 965 సి.సి. ఇంజనుతో పాండా అనే అగ్గిపెట్టెలాంటి కారుకు కూడా నాలుగు చక్రాల లాగుడు అమర్చింది. ఆల్ప్స్ పర్వత గ్రామాల్లో వాటిలో కొన్ని ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. నన్నడిగితే బండి విలువ దాని ఆకారంలో లేదనడానికి ఆ పాండాయే సాక్ష్యం.

అయితే 'ఫోర్ వీల్ డ్రైవ్' అని రాసి ఉన్న బండ్లన్నీ ఒకటి కావు. తేడా తెలియాలంటే కారు మలుపు తిరిగేటప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకోండి. కారు లంబకోణం మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎంత ఎక్కువ దూరం నడవాలి? మలుపు పెద్దదైనా చిన్నదైనా జవాబు ఒకటే, సుమారు 2.36 మీటర్లు. ఎలా వచ్చిందో వృత్తం చుట్టుకొలత సూత్రంతో మీరే తేల్చుకోండి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఒకటి ఈడ్చుకుపోక తప్పదు. అందుకే వాటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె ఉంటుంది. చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి అది వీలు కల్పిస్తుంది. ముందు చక్రాలు, వెనక చక్రాలు కూడా మలుపులో సమాన దూరం నడవవు. కాబట్టి నాలుగూ లాగే బండిలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య కూడా ఇటువంటి ఏర్పాటు ఏదో ఒకటి కావాలి.

జీపు తరహా బండ్లలో అది ఉండదు. మీట లాగితే రెండు ఇరుసులూ గట్టిగా ఒకటైపోతాయి. బురదలో, లోతు మంచులో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పొడి రోడ్డు మీద మీట అలాగే ఉంచి మలుపు తిప్పితే మాత్రం గేర్లు బిగుసుకుపోతాయి, టైర్లు అరిగిపోతాయి. మన దేశంలో 1985 నుంచి చాలా ఏళ్ళు తయారైన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ ఈ జాతివే. రోజూ ఉద్యోగానికి పోయే దారి ఎలా ఉంటుంది? సందులో మంచు, పెద్ద రోడ్డు మీద పొడి, వంతెన మీద మళ్ళీ గడ్డ మంచు. కిలోమీటరుకోసారి మీట వేస్తూ తీస్తూ కూర్చోవడం కుదిరే పని కాదు. అందుకని ఇటువంటి దారికి రెండో జాతి మేలు. సుబారు ఇంప్రెజా, క్రాస్‌ట్రెక్ వంటివి ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి పంపుతూనే ఉంటాయి. హోండా సి.ఆర్.వి. వంటివి మామూలుగా ముందు చక్రాలతో నడిచి, జారుడు తగిలినప్పుడు ఒక క్లచ్ ద్వారా వెనక చక్రాలను తామే కలుపుకుంటాయి. ఇప్పటి కొన్ని హైబ్రిడ్ బండ్లలో వెనక ఇరుసుకు విడిగా విద్యుత్ మోటారే ఉంటుంది. ముందు నుంచి వెనక్కి పొడుగాటి కడ్డీ అక్కర్లేదు.

డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది. అది రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం గడ్డ మంచు మీద ఉండి ఏ బలాన్నీ తట్టుకోలేక గిర్రున తిరుగుతోందనుకోండి. గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా ఆ కాస్త బలమే అందుతుంది. బలవంతుడు బలహీనుడికి సమానమై కూర్చుంటాడు! దీనికి ఇప్పుడు తేలికైన విరుగుడు ఉంది. ఊరికే తిరిగే చక్రానికి కంప్యూటరు తనంతట తానే బ్రేకు వేస్తుంది. ఆ చక్రానికి ఆటంకం కలగగానే రెండో దానికి బలం పెరుగుతుంది. బండి అడ్డం తిరగకుండా కాపాడే ఏర్పాటు కూడా దీని అన్నదమ్ముడే. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కారుకూ అది తప్పనిసరి. పాత బండి కొనేవాళ్ళు ఆ ఏడాది గుర్తుంచుకుంటే మంచిది.

ఇప్పుడు గోతిలో పడ్డ బండ్ల సంగతి. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నాలుగు చక్రాలూ లాగడం బండిని కదిలించడానికే. ఆపడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. కాబట్టి ఆగే విషయంలో ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్‌కూ చౌక కారుకూ తేడా ఏమీ లేదు. లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. ఆగే దూరం వేగ వర్గాన్ని, ఘర్షణ గుణకానికి 20 రెట్లతో భాగిస్తే వస్తుంది. పొడి రోడ్డు మీద 12 మీటర్లు. అణిగిన మంచు మీద 48 మీటర్లు. గడ్డ మంచు మీద 96 మీటర్లు! దీనికి తోడు, ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి పోయేలోపు ఒక సెకను గడిస్తే మరో 14 మీటర్లు.

వేగం అందుకోవడంలో మాత్రం తేడా ఉంది. మన లెక్కలోని మంచు మీద ముందు చక్రాల కారుకు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 12 సెకన్లు పడుతుంది. మధ్యలో చక్రాలు జారి, "దారి బాగాలేదు సుమా" అని హెచ్చరిస్తాయి. నాలుగూ లాగే బండి 7 సెకన్లలో ఆ వేగం అందుకుంటుంది, జారదు కూడా. నడిపేవాడికి దారి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ భ్రమ మొదటి మలుపు దగ్గర తొలగిపోతుంది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో పొడి రోడ్డు మీద గంటకు 72 కిలోమీటర్ల వరకు తట్టుకునే కారు, మంచు మీద 36 దాటితే పక్కకు జారిపోతుంది. ఎన్ని చక్రాలు లాగినా ఈ అంకె మారదు. ఆ గోతిలోని బండ్లన్నీ అక్కడికి దర్జాగా చేరుకున్నవే.

మరి ఆపడానికీ మలుపు తిప్పడానికీ పనికొచ్చేది ఏమిటి? మన సూత్రంలో బరువు కాక మిగిలింది ఘర్షణ గుణకం ఒక్కటే. దాన్ని పెంచాలి. అది టైరు పని.

చలికి రబ్బరు బిరుసెక్కుతుంది. మామూలు టైరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే పట్టు తగ్గుతూ వస్తుంది. చలికాలపు టైరును చలిలో కూడా మెత్తగా ఉండే మిశ్రమంతో చేస్తారు. దాని గాళ్ళు లోతుగా ఉంటాయి. ప్రతి దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు ఎన్నో ఉంటాయి. ఆ అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి. ఇంకో విచిత్రం, గాళ్ళలో మంచు ఇరుక్కోవడం మంచిదే! మంచును మంచు పట్టుకున్నంత గట్టిగా రబ్బరు పట్టుకోలేదు. పిల్లలు మంచు ముద్దలు చేసి విసురుకునేది ఆ గుణం వల్లనే కదా. ఇటువంటి టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు వేసి ఉంటాయి. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే అది గాళ్ళ ఆకారాన్ని బట్టి వేసింది, మంచు మీద పరీక్షించి వేసిన గుర్తు కాదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కార్లకు చలికాలపు టైర్లు ఉండి తీరాలని చట్టమే ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలనే చట్టం మాత్రం లేదు.

మంచి చలికాలపు టైర్లతో గుణకం 0.2 నుంచి 0.3కు పెరిగిందనుకుందాం. 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే దూరం 48 మీటర్ల నుంచి 32 మీటర్లకు తగ్గుతుంది. 16 మీటర్లు! రోడ్డు దాటే మనిషికి ఆ దూరం చావుబతుకుల మధ్య తేడా. ముందు చక్రాల కారుకు లాగే బలం 1,680 నుంచి 2,520 న్యూటన్లకు పెరుగుతుంది. ఇందాక ఓడిపోయిన వాలును ఇప్పుడు ఎక్కేస్తుంది. మామూలు టైర్లున్న నాలుగు చక్రాల బండికి 2,800 ఉందని గుర్తుందా? రెంటికీ ఎంతో తేడా లేదు. అందుచేత డబ్బు ఒక్కదానికే సరిపోయేటప్పుడు నేను టైర్లకే ఓటు వేస్తాను. ఇంకో నాలుగు టైర్లు కొనడం దండుగ అనిపించవచ్చు. కాని చలికాలం నాలుగు నెలలూ మామూలు టైర్లు ఇంట్లో విశ్రాంతి తీసుకుంటాయి. వాటి అరుగుదల తగ్గుతుంది కాబట్టి ఖర్చులో చాలా భాగం తిరిగి వచ్చినట్టే.

ఆ అమ్మాయికి మాత్రం రెండూ కావాలని రాశాను. ఇంటి ముందు ఎత్తు ఉంది. మంచు తోసే బండి రాకముందే, తెల్లవారుజామున 5:30కి బయలుదేరాలి. వెళ్ళకుండా ఉండటానికి వీల్లేని ఉద్యోగం. బఫెలో నగరంలోనే, చదునైన వీధిలో ఇల్లుండి, పదింటికి పోయే ఉద్యోగమైతే ముందు చక్రాల చిన్న కారు, నాలుగు మంచి టైర్లు చాలు అనేవాణ్ణి. డబ్బు తక్కువ కాబట్టి పాత బండి చూసుకోమన్నాను.

పాత బండి చూసేటప్పుడు ముందు దాని పొట్టకూ నేలకూ మధ్య ఎత్తు అడగాలి. ఇంప్రెజాకు అది 13 సెంటీమీటర్లు, క్రాస్‌ట్రెక్‌కు 22. మంచు అంతకంటే లోతుగా ఉంటే బండి పొట్ట మంచు దిమ్మ మీదికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు బరువు చక్రాల మీద నుంచి పోయి పొట్ట మీద పడుతుంది. బరువు లేని చక్రానికి ఘర్షణ ఎక్కడిది? నాలుగు లాగినా నలభై లాగినా ఒకటే.

తరవాత టైర్లు. నాలుగూ ఒకే రకంవి, ఒకే మేర అరిగినవి అయి ఉండాలి. ఒక టైరు మందం మిగతావాటి కంటే 3 మిల్లీమీటర్లు తక్కువైతే చుట్టుకొలత దాదాపు 19 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే కిలోమీటరుకు 500 చుట్లు తిరగవలసిన చక్రం సుమారు 5 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడానంతా మధ్యనున్న క్లచ్ మింగాలి, 30 కిలోమీటర్లు పోవడం, 30 రావడం, ప్రతిరోజూ. అది వేడెక్కి పాడవుతుంది. అందుకే ఈ బండ్లకు ఒక టైరు చిరిగితే ఒక్కొక్కసారి నాలుగూ మార్చవలసి వస్తుంది. అమ్మేవాళ్ళు ఈ ఖర్చు సంగతి చెప్పరు. నాలుగు చక్రాల ఏర్పాటు బరువు వల్ల పెట్రోలు కూడా కాస్త ఎక్కువే తాగుతుంది.

ఇక ఉప్పు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. చలి సుమారు సున్నాకు 9 డిగ్రీలు దిగువకు పోయేవరకు రోడ్డు ఉప్పు చురుకుగా పనిచేస్తుంది. సున్నాకు 21 డిగ్రీల దిగువన ఎంత ఉప్పు వేసినా లాభం లేదు. కాని ఆ ఉప్పునీరు చక్రాల నుంచి చిమ్మి కారు అడుగుభాగానికి పట్టుకుంటుంది. విశాఖ సముద్రపు ఒడ్డున ఇళ్ళ కిటికీ ఊచలు ఏ గతి పడతాయో తెలిసినవాళ్ళకు దీని సంగతి చెప్పనక్కర్లేదు. పైన రంగు తళతళలాడుతూ ఉంటుంది, కింద బ్రేకు గొట్టాలు తుప్పు తినేసి ఉంటాయి. బండిని పైకెత్తించి అడుగున చూడకుండా బేరం ఆడకూడదు. తుప్పు రంధ్రాలను లప్పంతో పూడ్చి రంగు వేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళను పట్టుకోవడానికి పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఇనుప రేకు మీద అతుక్కుంటూ వచ్చిన అయస్కాంతం ఒకచోట ఉన్నట్టుండి జారిపోతే అక్కడ లప్పం ఉందన్నమాట.

చివరిగా, పొడిగా ఉన్న ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒక వైపుకు తిప్పి, బండిని నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి చూడాలి. తరవాత రెండో వైపుకు. మెత్తగా తిరిగితే మంచిదే. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు కుదుపులు వస్తే, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యనున్న ఏర్పాటు బిగుసుకుపోయిందని అర్థం. దాని మరమ్మతు ఖర్చు చాలా ఎక్కువ. అటువంటి బండి ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా వదిలేసి ఇంకోటి వెతుక్కోవాలి.